జీడిమామిడి: పప్పు మనకు, పండు మట్టికి?

షీర్‌ఖుర్మాలోనూ బిర్యానీలోనూ మనం వేసుకునే కాజూకు ఆ పేరు బ్రెజిల్ నుండి వచ్చింది. అక్కడి ఆదివాసులైన తూపీ ప్రజలు ఈ చెట్టును ‘అకజూ’ అన్నారు; పోర్చుగీసువారు ‘కజూ’ అన్నారు. 16వ శతాబ్దంలో వారే దీనిని మన పశ్చిమ తీరానికి తెచ్చారు. కాలక్రమంలో తూర్పు తీరానికీ వ్యాపించి, పలాస వంటి ఊళ్ళకు జీవనాధారమైంది.

ఎర్రగా, పసుపుపచ్చగా మెరిసే పండు నిజానికి ఉబ్బిన కాడ మాత్రమే. దాని కొసన వేలాడే పిక్కే అసలు ఫలం. పిక్క తొక్కలోని ఘాటైన నూనె తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. పచ్చి పిక్కలను పిల్లలు కొరకకుండా జాగ్రత్త వహించాలి. ఆ నూనెనే రంగులు, వార్నిష్, వాహనాల బ్రేకుల తయారీలో వాడుతారు.

ఇక పండు సంగతి. సి విటమిన్ నారింజలో కన్నా ఇందులో ఎక్కువ. అయినా కోసిన ఒకటి రెండు రోజుల్లోనే చెడిపోతుంది గనుక తోటల్లో చాలావరకు కుళ్ళి మట్టిపాలవుతోంది. గోవాలో దీని రసాన్ని పులియబెట్టి ‘ఫెనీ’ అనే మద్యం కాస్తారు. మరి హలాల్ మార్గం లేదా?

ఉంది. ఈశాన్య బ్రెజిల్‌లోని సెయారాలో రొడోల్ఫో తెయోఫిలో అనే ఔషధ నిపుణుడు నూరేళ్ళకు పూర్వమే, ప్రజలను సారాయి నుండి మళ్ళించాలని ఈ రసంతో ‘కజుయీనా’ అనే మత్తులేని పానీయాన్ని ప్రచారం చేశాడు. తాజా రసంలోని వగరును విరిచి, వడకట్టి, సీసాల్లో నింపి, వేడినీటిలో చాలాసేపు కాగనిస్తారు. రసంలోని చక్కెరే మాగి తేనెరంగు తెస్తుంది. పొరుగునున్న పియావుయి రాష్ట్రంలో దీనిని తయారుచేసే సంప్రదాయాన్ని 2014లో బ్రెజిల్ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

అక్కడ వగరు విరవడానికి జెలటిన్ వాడుతారు. అది ఏ జంతువు నుండి తీసినదో తెలియనిదే మనం తాగలేము. అయితే మన ఇళ్ళలో ఆ అవసరమే లేదు. ఉడికించిన సగ్గుబియ్యపు జావ గాని, అన్నపు గంజి గాని కలిపి కొంతసేపు కదపకుండా ఉంచితే వగరు అడుగుకు దిగుతుంది. పైన తేరిన రసాన్ని వడకట్టుకోవచ్చు. పిండిన రోజే కాచి షర్బత్ చేసుకోవాలి. ఆలస్యమైతే అది పులియనారంభిస్తుంది.

పండు ఒక్కటే, రసమూ ఒక్కటే. అది షర్బత్ కావడమో, మద్యం కావడమో, మట్టిలో కలవడమో మన చేతుల్లోనే ఉంది. తోటలున్న సోదరులు ఈ వేసవిలో ఒక బుట్టెడు పండ్లతోనైనా ప్రయత్నించాలని మా మనవి.