వంటిల్లు వెంట వస్తే అది సెలవెలా అవుతుంది?

జర్మనీ నుంచి తిరిగొచ్చాక మావారిని చుట్టాలూ స్నేహితులూ అడిగిన ప్రశ్న ఒక్కటే: "మంచు బాగా పడిందా?" నన్ను అడిగిందీ ఒక్కటే: "మరి వంటెలా చేశావు?"

ఇద్దరం ఒకే ఊరికి, ఒకే రైల్లో వెళ్ళాం. ఒకే ఇంట్లో దిగాం. అయినా ఆయన చూడ్డానికీ నేను వండడానికీ వెళ్ళినట్టే అందరికీ అనిపించింది. అలా అడిగినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళని తప్పు పట్టడం లేదు. తిరుపతి వెళ్ళినా, అరకు వెళ్ళినా, అన్నయ్యగారింటికి వెళ్ళినా మనకి అలవాటైన సెలవు అలాంటిదే మరి. ఊరు మారుతుంది, పొయ్యి మారుతుంది, చేసే చెయ్యి మాత్రం మారదు. దీన్ని సెలవు అనొచ్చా? అనకూడదనే నా అభిప్రాయం.

అందరికీ సెలవుంది, అమ్మకి తప్ప

2023 నవంబరులో మ్యూనిక్‌లో ఉన్న మా అమ్మాయి పురుటికి వెళ్ళాం. మేం వెళ్ళేసరికి మనవరాలికి వారం రోజులు. అక్కడి చట్టం ప్రకారం ఉద్యోగం చేసే తల్లికి కాన్పుకి ముందు ఆరు వారాలు, తరవాత ఎనిమిది వారాలు సెలవు. ఆ పైన పిల్లని చూసుకోవడానికి తల్లీ తండ్రీ ఒక్కొక్కరు మూడేళ్ళ దాకా సెలవు పెట్టొచ్చు, ఉద్యోగం పోదు. 2007లో మరో ఏర్పాటు వచ్చింది. ఒక్కరే సెలవు తీసుకుంటే పన్నెండు నెలలు భత్యం వస్తుంది, రెండోవారు కూడా కనీసం రెండు నెలలు తీసుకుంటే మొత్తం పద్నాలుగు నెలలు వస్తుంది. అందుకని మా అల్లుడుగారూ రెండు నెలలు సెలవు పెట్టారు. మావారు బ్యాంకులో రిటైరయ్యారు, ఆయనకి ఎప్పుడూ సెలవే.

ఇక నేను. ఇరవై ఆరేళ్ళు హైస్కూల్లో పాఠాలు చెప్పి మానేశాను. పొద్దున నాలుగున్నరకి లేచి పసిదానికి పాలపీకలు మరగబెట్టడం, బాలింతకి పథ్యం, పిల్లకి నలుగు, నీళ్ళు, మధ్యాహ్నం అందరికీ వంట, రాత్రి మళ్ళీ పిల్ల ఏడుపు. ఇష్టంగానే చేశాను. మనవరాలిని ఎత్తుకోవడం కన్నా సంతోషం ఏముంటుంది? కాని ఇష్టంగా చేసినా నడుము నొప్పి నొప్పే.

రెండు నెలలు దాటాక అమ్మాయే అంది: "అమ్మా, ఈయన ఇంట్లోనే ఉన్నారు కదా. నువ్వూ నాన్నా అయిదు రోజులు ఎక్కడికైనా వెళ్ళిరండి." పెళ్ళయిన ముప్పై మూడేళ్ళలో మేమిద్దరమే కలిసి ఊరెళ్ళడం అదే మొదటిసారి.

మంచు కొండల కింద చిన్న ఊరు

మా అమ్మాయి ఎంచిన ఊరి పేరు మిట్టెన్‌వాల్డ్. మ్యూనిక్ నుంచి రైల్లో సుమారు రెండు గంటలు. దాటితే ఆస్ట్రియా సరిహద్దు. ఏడెనిమిది వేల జనాభా. ఊరి మీదికి ఒరిగినట్టుండే కార్వెండెల్ కొండలు 2,300 మీటర్లు దాటతాయి. ఇళ్ళ గోడల మీద దేవదూతలూ రైతులూ వర్తకుల బొమ్మలు, మన గుళ్ళ గోడల మీది బొమ్మల్లా రంగురంగులుగా వేసి ఉంటాయి. ఊరి మధ్యనుంచి ఇజార్ నది పారుతుంది.

మేం బయల్దేరే ముందు మూడు రోజులు దేశమంతా రైలు డ్రైవర్ల సమ్మె. ఎందుకట? షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి వారానికి 38 గంటల పనిని, జీతం తగ్గించకుండా 35 గంటలు చెయ్యమని. అంటే వారానికి మూడు గంటల విశ్రాంతి కోసం అంతమంది రైళ్ళు ఆపేశారు! రెండు నెలల తరవాత ఒప్పందం కూడా కుదిరింది, 2029 నాటికి దశలవారీగా తగ్గిస్తామని. మన ఇళ్ళల్లో వారానికి ఎన్ని గంటల పని అని ఎవరైనా లెక్క కట్టారా?

సమ్మె ముగిసిన మర్నాడు, 2024 జనవరి 13 శనివారం, మేం రైలెక్కాం. మేం శాకాహారులం కదా, బయట తిండి ఇబ్బందని అమ్మాయి వంటగది ఉన్న చిన్న ఇల్లు అద్దెకి తీసుకుంది. అలాంటి ఇళ్ళు అక్కడ బోలెడు. నా పెట్టెలో స్వెట్టర్ల కింద బియ్యం, కందిపొడి, చింతపండు, ఆవకాయ సీసా, చిన్న కుక్కరు. ఆయన పెట్టెలో కెమెరా, రెండు పుస్తకాలు. మా ఇద్దరి పెట్టెలూ తెరిచి చూస్తే చాలు, ఎవరు సెలవులో ఉన్నారో తెలిసిపోతుంది.

వెళ్ళిన సాయంత్రం ఆయన కిటికీ దగ్గర నిలబడి మంచు చూస్తున్నారు. నేను ఆ పొయ్యి ఎలా వెలుగుతుందో చూస్తున్నాను.

మర్నాడు ఆదివారం. మనకి భోగి. ఊళ్ళో కిరాణా దుకాణాలన్నీ మూసేశారు. అది వాళ్ళ రాజ్యాంగంలోనే ఉంది. ఆదివారాలూ పండగలూ పని మాని సేదతీరడానికని 1919లో వైమార్ రాజ్యాంగంలో రాసుకున్న మాటని 1949 రాజ్యాంగంలో కూడా అలాగే ఉంచారు. ఊరు ఊరంతా పిల్లా పాపలతో, చేతికర్రలతో, కుక్కలతో మంచులో నడకకి వెళ్తోంది. మావారు అన్నారు, "ఏమోయ్, ఇవాళ భోగి. కాస్త పులగం పెట్టవూ?"

పెట్టాను. గిన్నెలు కడిగాను. ఆ రాత్రి చెప్పాను: "ఏమండీ, రేపటి నుంచి నేనూ సెలవులో ఉంటాను."

"మరి తిండి?" అన్నారాయన.

"ముప్పై మూడేళ్ళుగా ఆ ప్రశ్నకి రోజూ రెండు పూటలా జవాబు నేనే వెతుకుతున్నాను. ఈ నాలుగు రోజులూ మీరు వెతకండి."

కోపంగా అనలేదు. పోట్లాటా జరగలేదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, "బ్రెడ్డు కొట్టు ఎన్నింటికి తీస్తారో?" అన్నారు.

నాలుగు రోజులు ఏమైంది?

ప్రపంచం తలకిందులు కాలేదు. పొద్దున్నే ఆయన కోటు వేసుకుని వెళ్ళి, వేలితో చూపించి వేడి వేడి బన్నులు తెచ్చేవారు. మధ్యాహ్నం బయట తినేవాళ్ళం. అక్కడ కేజె ష్పెట్స్‌లె అని చిన్న చిన్న పిండి ముక్కలు ఉడికించి, జున్నులాంటి చీజు కరిగించి, పైన వేయించిన ఉల్లిపాయలు వేసి ఇస్తారు. పిండిలో గుడ్డు కలుపుతారు, తినని వాళ్ళు ముందే అడగాలి. మేం గుడ్డు వరకూ తింటాం. రాత్రి అన్నం ఆయనే వండారు. మొదటి రోజు జావైంది. కందిపొడి కలుపుకుని తిన్నాం. మూడోరోజుకి పొడిపొడిగా వచ్చింది. ఆయన మొహం చూడాలి!

సంక్రాంతి నాడు గడ్డకట్టిన లౌటర్ సరస్సు దాకా నడిచాం. కనుమ నాడు వయొలిన్ మ్యూజియం చూశాం. ఆ ఊరికి వయొలిన్లే ప్రాణం. మథియాస్ క్లోట్స్ అనే ఆయన (1653-1743) మొదలుపెట్టిన ఆ పనికి 1858లో బడి కూడా పెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. చర్చి ముందు ఆయన విగ్రహం ఉంది. అది చూసి మావారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి గురించి చెప్పడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు విజయనగరంలో వాళ్ళ నాన్నగారితో కచేరీలకి వెళ్ళేవారట. వయొలిన్ నేర్చుకోవాలని ఉండేదట. నాకీ సంగతి తెలియదు! ఇన్నేళ్ళలో మా మాటలన్నీ ఫీజులు, కందిపప్పు, అత్తగారి మందులు. ఆయనకి చెప్పాలని లేక కాదు. ఆయన తీరిగ్గా కూర్చునే వేళకి నేను వంటింట్లో ఉండేదాన్ని. అందుకే అంటున్నాను, వంటింటి సెలవు వల్ల లాభం ఆడవాళ్ళకొక్కళ్ళకే కాదు, మగవాళ్ళకీ ఉంది.

డాక్టరు రాసే సెలవు

ఇంటావిడకి డెబ్భై దాటాయి, వచ్చీరాని ఇంగ్లీషు. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు ఆవిడ మూడు వారాలు తల్లుల విశ్రాంతి గృహానికి వెళ్ళొచ్చిందట. నేను తెల్లబోయాను. తరవాత మా అమ్మాయి వివరంగా చెప్పింది. దేశపు మొదటి అధ్యక్షుడు తెయొడోర్ హాయిస్ భార్య ఎలీ హాయిస్-క్నాప్, 1950లో అలసిపోయిన తల్లుల కోసం ఒక సంస్థ స్థాపించింది. యుద్ధం ముగిసి అయిదేళ్ళే అయింది, దేశం ఇంకా శిథిలాల్లోంచి లేస్తోంది. తల్లి అలసట కూడా వైద్యం చెయ్యాల్సిన విషయమే అని అప్పుడే అనుకున్నారు. ఇప్పుడు డాక్టరు అవసరమని రాస్తే మామూలుగా మూడు వారాలు, పిల్లలతో సహా. 2007 నుంచి ఆరోగ్య బీమా సంస్థలు దాని ఖర్చు భరించి తీరాలి. తల్లి పెట్టుకునేది రోజుకి పది యూరోలు.

"మీ అత్తగారేమన్నారు?" అని అడక్కుండా ఉండలేకపోయాను. ఆవిడ పెద్దగా నవ్వింది. "మా రోజుల్లో ఎవరెళ్ళారు ఇలాంటివాటికి అంది" అని చెప్పింది. అత్తలు ఎక్కడైనా అత్తలే!

అలాగని ఆ దేశం స్వర్గమేం కాదు. 1977 దాకా పశ్చిమ జర్మనీ చట్టంలో, ఇంటి బాధ్యతలకి అడ్డురాకుండా ఉంటేనే భార్య ఉద్యోగం చెయ్యొచ్చని ఉండేది. 2022 లెక్కల ప్రకారం అక్కడి ఆడవాళ్ళు జీతం లేని పని వారానికి ముప్పై గంటలు చేస్తే, మగవాళ్ళు ఇరవై ఒక్క గంటలు చేస్తున్నారు. మన దేశంలో? 2019లో ప్రభుత్వం చేసిన సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఆడవాళ్ళవి అయిదు గంటలన్నమాట. అందులో ఆదివారం లేదు, పండగ లేదు. పండగైతే ఇంకా ఎక్కువ.

ఇంకో మాట. మేం దిగిన ఇల్లు తుడిచి, దుప్పట్లు మార్చేది ఆ ఇంటావిడే. నా విశ్రాంతి వెనక ఆవిడ పని ఉంది. కాని దానికి అద్దెలో డబ్బు కట్టాం. పని పని అని లెక్క తేలింది. ఇంట్లో అదే పనికి లెక్కే లేదు.

"మా బోటివాళ్ళకి జర్మనీలెక్కడివి?"

ఈ మాట మీరంటారని తెలుసు. జర్మనీ అక్కర్లేదు. అక్కడి 1963 నాటి సెలవుల చట్టంలో రెండు మంచి మాటలున్నాయి. ఒకటి, సెలవులో కనీసం ఒక విడత వరసగా పన్నెండు పనిదినాలుండాలి, తుంపులు తుంపులుగా ఇస్తే అలసట తీరదని. రెండోది, సెలవులో ఉన్నవాళ్ళు విశ్రాంతికి భంగం కలిగించే సంపాదన పని చెయ్యకూడదని. ఈ రెండూ మన ఇళ్ళకి తెచ్చుకోవడానికి వీసా అక్కర్లేదు.

ఉద్యోగంలో నాకు సి.ఎల్.లు ఉండేవి. మామగారి తద్దినానికి, పిల్లల జ్వరాలకి, ఆడపడుచు పెళ్ళిచూపులకి అయిపోయేవి. నాకోసం వాడుకున్నది ఒక్కటీ గుర్తులేదు. ఉద్యోగం లేని ఇల్లాలికైతే ఆ సి.ఎల్. కూడా లేదు.

"ఇంటివాళ్ళకి వండి పెట్టడం ప్రేమ కాదా?" అంటారు కొందరు. ప్రేమే. అందుకే ఆ ప్రేమ చూపించే అవకాశం అప్పుడప్పుడు మిగతావాళ్ళకీ ఇద్దాం. "ఆయనకి రాదండీ" అంటారు ఇంకొందరు. జావతోనే మొదలవుతుంది.

ఈ వేసవికి ప్రయాణం అనుకుంటున్నారా? టిక్కెట్లు కొనేటప్పుడే మూడు సంగతులు తేల్చుకోండి. తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపేదెవరు? దిగిన చోట పొయ్యి ముట్టించేదెవరు? తిరిగొచ్చాక మూటెడు మాసిన బట్టలు ఉతికేదెవరు? మూడింటికీ జవాబు ఒకే మనిషైతే, ఆ మనిషికి సెలవు దొరకనట్టే. కనీసం ఒక్కటైనా ఇంకొకరి పేరు మీదికి మార్చండి. అది కూడా బయల్దేరే ముందే, అందరి ఎదుటా. మధ్యలో అడిగితే అలక అంటారు. ముందే చెబితే ఏర్పాటు అంటారు.

మీ ఇంట్లో ఆ మొదటి పేరు ఎవరిది రాస్తారు?