ఏనుగు చవకే, మేత మాటేమిటి?

ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడినట్టు అని మన పెద్దవాళ్ళు ఒక సామెత చెబుతారు. పెద్ద ఖర్చుకి వెనకాడని మనిషి చిన్న ఖర్చు దగ్గర పీనాసితనం చూపిస్తే వెక్కిరించడానికి వాడతారు దాన్ని. ఈ మధ్య మా ఇంట్లో జరిగిన చర్చ తర్వాత నాకు ఆ సామెతని తిరగేయాలనిపించింది. ఈ రోజుల్లో ఏనుగు చవకగానే దొరుకుతోంది. అంకుశం దగ్గరే ఆస్తులు కరుగుతున్నాయి.

ఏనుగంటే వారంటీ అయిపోయిన సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ అన్నమాట.

మా వారికి కాకినాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం. ఈ ఏడాదే యాభై నిండాయి. ఇరవై రెండేళ్ళ వయసులో మోపెడ్ వెనకాల అట్టపెట్టెలు కట్టుకుని ఊరూరా తిరిగి మొదలుపెట్టిన మనిషి. ఇప్పుడు మాకున్నది పదకొండేళ్ళ నాటి చిన్న కారు. ఆయన స్నేహితుడి ద్వారా హైదరాబాదులో ఒక జర్మన్ బండి కబురొచ్చింది. 2020 మోడల్, డీజిల్, అరవై ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. కొత్తగా కొన్నప్పుడు యాభై లక్షలు దాటిందట. ఇప్పుడు ఇరవై రెండు లక్షలకి ఇస్తామన్నారు.

ఆయన వాదనలో న్యాయం లేదని నేను అనను. కొత్త కారు షోరూం గుమ్మం దాటగానే ధర పడిపోతుంది. లగ్జరీ బండికయితే మరీను. ఆ నష్టమంతా మొదటి యజమాని భరించేశాడు. గట్టి బాడీ, నిండా ఎయిర్‌బ్యాగులు, హైవే మీద కుదుపు తెలియని ప్రయాణం. మోకాళ్ళ నొప్పులతో ఉన్న మా అత్తయ్యగారు వంగకుండా ఎక్కగలిగే సీటు. "ఇవే డబ్బులకి కొత్తగా మామూలు ఎస్‌యూవీ వస్తుంది, ఇదైతే రెండు మెట్లు పైది కదా" అన్నారు. నిజమే. పైగా ముప్పై ఏళ్ళు కష్టపడిన మనిషికి ఒక కోరిక ఉంటే అది డాబు కోసమేనని తీసిపారెయ్యడం నాకు ఇష్టం లేదు. మనం పట్టుచీర కొనుక్కునేటప్పుడు నూలుచీర ఒంటిని కప్పదా అని ఎవరైనా అడిగితే ఎలా ఉంటుంది?

అందుకే వద్దు అనే మాటతో మొదలుపెట్టలేదు. లెక్కతో మొదలుపెట్టాను.

మొదటి లెక్క, వారంటీది. లగ్జరీ కంపెనీలు కొత్త బండికి మామూలుగా ఇచ్చేది రెండు మూడేళ్ళ వారంటీ. ఇంకొన్నాళ్ళకి డబ్బు కట్టి పొడిగించుకోవచ్చు. అంటే ఫలానా తేదీ వరకు లోపలి భాగాలు పాడైతే ఖర్చు మాది, ఆ తర్వాత మీది అని తయారు చేసినవాళ్ళే గీసిన గీత అది. గీత దాటగానే బండి ఆగిపోతుందని కాదు. ఎన్నో బండ్లు లక్షన్నర కిలోమీటర్లు హాయిగా తిరుగుతాయి. కానీ ఆగితే బిల్లు ఎవరిదో మాత్రం ఆ రోజుతో తేలిపోతుంది.

ఇక్కడే చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. బండి ధర సగానికి పడింది కాబట్టి దాని ఖర్చులూ సగానికి పడ్డాయని మనసు నమ్మేస్తుంది. స్పేర్ పార్టుకి ఆ సంగతి తెలియదు. హెడ్‌లైటు, టర్బో, గేర్‌బాక్సులోని కంప్యూటరు, బ్రేక్ డిస్కు, వీటి ధర యాభై లక్షల బండికి తగినట్టే ఉంటుంది. లేబర్ చార్జీ కూడా అంతే. పెద్ద ఎస్‌యూవీలు కొన్నిటికి స్ప్రింగుల బదులు గాలి తిత్తులుంటాయి, ఎయిర్ సస్పెన్షన్ అంటారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ రబ్బరు తిత్తి చిల్లుపడుతుంది. కారిపోతున్న గాలిని నింపడానికి కంప్రెసరు ఆగకుండా తిరిగి తిరిగి అదీ కాలిపోతుంది. ఒక చిల్లు నిర్లక్ష్యం చేస్తే రెండు బిల్లులు. మనం కొనేది ఇరవై రెండు లక్షల బండిని కాదు. యాభై లక్షల బండిని ఇరవై రెండు లక్షలకి కొని, యాభై లక్షల బండిలాగే మేపాలి.

"ఇన్సూరెన్స్ ఉంటుందిగా" అన్నారు మా వారు. ఇది చాలామంది అనే మాటే. మోటారు పాలసీ యాక్సిడెంటుకి, దొంగతనానికి, వరదకి, అగ్నిప్రమాదానికి. గేర్‌బాక్సు దానంతటదే చెడిపోతే, సెన్సారు పోతే ఇన్సూరెన్సు వాళ్ళకి సంబంధం లేదు. ప్రమాదం జరిగినా, జీరో డిప్రిసియేషన్ లేని పాలసీలో ప్లాస్టిక్కు, రబ్బరు భాగాల ధరలో సగం మనమే భరించాలి. ఐదేళ్ళు దాటిన బండికి ఆ జీరో డిప్ ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి. అమ్మినాయన క్లెయిము లేకుండా సంపాదించుకున్న నో క్లెయిం బోనస్ ఆయనదే, బండితో పాటు మనకి రాదు.

రెండో లెక్క, ఊరిది. ఆ కంపెనీ సర్వీసు సెంటరు మా ఊళ్ళో లేదు. విశాఖపట్నం వెళ్ళాలి, నూట యాభై కిలోమీటర్ల పైన. హైదరాబాదులో ఉన్నవాళ్ళకి ఇది సమస్యే కాదు. అక్కడ కంపెనీ సెంటర్లే కాక ఈ బండ్లు మాత్రమే చూసే బయటి గ్యారేజీలు కూడా ఉన్నాయి, వాటిలో ఖర్చు తక్కువ. మాకు డాష్‌బోర్డు మీద ఒక ఎర్ర దీపం వెలిగితే ఏ వీధి మెకానిక్కూ దానికి సమాధానం చెప్పలేడు. లారీ మీద ఎక్కించి పంపాలి.

మూడోది, వాడకం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టరు ఉంటుంది. పోగైన మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద కొంతసేపు ఆగకుండా నడవాలి. మా వారు రోజూ నడిపేది ఇంటి నుంచి షాపుకి నాలుగు కిలోమీటర్లు, షాపు నుంచి ఇంటికి నాలుగు. మధ్యాహ్నం భోజనానికి ఇంకోసారి. ఇలాంటి వాడకానికి ఆ ఫిల్టరు మూసుకుపోతూ ఉంటుంది. అంటే మా వాడకానికి డీజిలే తగదు, లగ్జరీ సంగతి తర్వాత.

నాలుగోది కాగితాలు. హైదరాబాదు బండి కాకినాడ రావాలంటే అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ తేవాలి. లోను ఉంటే తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఫారం 35 ఉండాలి. పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచుకునే బండికి ఇక్కడి నంబరు వేయించుకోవాలి. మళ్ళీ లైఫ్ టాక్సు కట్టాలి. ఆ పన్ను మనం పెట్టిన ఇరవై రెండు లక్షల మీద లెక్కవేస్తారనుకుంటే పొరపాటు. బండి అసలు ధర, వయసు చూసి వేస్తారు. ఢిల్లీ నంబరు బండ్లు ఇంకా చవకగా కనిపిస్తాయి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదన్న ఆంక్షని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025లో కాస్త సడలింపు వచ్చినా, ఆ భయంతో దక్షిణాదికి చేరిన బండ్లు చాలానే ఉన్నాయి. చవక వెనక ఇలాంటి కారణం ఏదో ఒకటి ఉంటుంది.

మేమిద్దరం ఈ లెక్కలు వేసుకుంటుంటే పక్కనే వత్తులు చేసుకుంటున్న అత్తయ్యగారు ఒక్కటే అడిగారు. "ఏరా, గేదెని కొనేటప్పుడు ఎన్ని పాలిస్తుందని అడుగుతాం సరే, ఎంత తింటుందని అడగవా? అసలు వాళ్ళెందుకు అమ్ముతున్నారు?"

ఇంతకంటే మంచి ప్రశ్న ఏ నిపుణుడూ అడగలేడు. పాత లగ్జరీ బండ్లు చాలా వరకు వారంటీ ముగిసే రోజుల్లోనే అమ్మకానికి వస్తాయి. అందులో మోసమేమీ లేదు. యాభై లక్షలు పెట్టి కొన్నాయన కూడా ఇక ముందు వచ్చే ఖర్చు చూసుకుని వద్దనుకున్నాడు. అంత స్తోమతున్న మనిషి భయపడిన ఖర్చుని, అంతకంటే తక్కువ ఉన్న మనం ఏ ధైర్యంతో తలకెత్తుకుంటున్నామో ఆలోచించాలి కదా.

అయినా ఒట్టి భయాలతో కాదనడం నాకు నచ్చదు. డబ్బు కట్టి కంపెనీ సెంటరులోనే పరీక్ష చేయించమన్నాను. కొనాలనుకునే ఎవరికైనా చెప్పే మాట ఇదే, ఆ ఫీజు దగ్గర మాత్రం బేరమాడకండి. ఛాసిస్ నంబరుతో సర్వీసు చరిత్ర తీయించండి. మీటరులో కిలోమీటర్లు, పాత బిల్లుల్లో కిలోమీటర్లు కలుస్తున్నాయో చూడండి. టైరు పక్కన నాలుగంకెల గుర్తుంటుంది. 2320 అని ఉంటే 2020లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, స్టెప్నీ కింద గుంటలో చెయ్యి పెట్టి చూడండి. బురద మరక కనిపిస్తే ఆ బండి వరద చూసిందన్నమాట. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు ఎన్ని కార్లు నీళ్ళలో ఉన్నాయో టీవీల్లో మనమంతా చూశాం.

మేమడిగిన బండి వరద చూడలేదు, గుద్దుకోలేదు. మంచి బండే. అయినా అంచనా కాగితం రెండు లక్షల ఎనభై వేలకి వచ్చింది. నాలుగు టైర్లు, బ్రేక్ డిస్కులు, ఇంజను మౌంటింగులు, గేర్‌బాక్సు ఆయిలు, బ్యాటరీ. ఇందులో పాడైంది ఒక్కటీ లేదు, అన్నీ అరిగినవే. లోపం లేని బండికే ఇంత.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే లెక్క. బండి కొన్న రెండో నెలలోనే అన్నిటికంటే పెద్ద బిల్లు, గేర్‌బాక్సుదే అనుకోండి, నాలుగైదు లక్షలు వచ్చిందనుకుందాం. ఆ డబ్బు ఎక్కడి నుంచి తీస్తాం? ఈ ప్రశ్నకి జవాబుగా బ్యాంకు పేరు వస్తే బండి కొనుక్కోవచ్చు. మనిషి పేరు వస్తే కొనకూడదు.

మా ఇంట్లో ఉన్న డిపాజిట్లు రెండు. కాగితాల మీద వాటికి నంబర్లున్నాయి కానీ మేమెప్పుడూ నంబర్లతో పిలవలేదు. ఒకటి పాప చదువు డబ్బు, ఇంటర్ అయిపోతోంది, వచ్చే ఏడు ఇంజనీరింగు. ఇంకొకటి అత్తయ్యగారి మోకాళ్ళ డబ్బు. బండికి పన్నెండు లక్షలు చేతిలోంచి, పది లక్షలు లోను అనుకున్నాం. పాత కార్ల లోనుకి వడ్డీ కూడా కొత్తవాటి కంటే ఎక్కువే ఉంటుంది. ఆ పన్నెండు పోయాక మిగిలేవి ఈ రెండు పేర్లే. గేర్‌బాక్సు పోతే దానికి కట్టేది పాపో, అత్తయ్యగారో అన్నమాట. ఆవిడ వంగకుండా ఎక్కాలని కొన్న బండికి ఆవిడ మోకాళ్ళనే తాకట్టు పెట్టినట్టు.

ఇదే మాట మా వారితో అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. మర్నాడు వాళ్ళకి ఫోను చేసి వద్దని చెప్పేశారు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోనులో ఆ బండి ఫోటోలు చూసుకుంటారు. నేను చూడనట్టు ఊరుకుంటాను. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు చిన్న కార్ల మీద జీఎస్టీ ఇరవై ఎనిమిది నుంచి పద్దెనిమిది శాతానికి తగ్గింది కాబట్టి, ఎత్తు సీటున్న చిన్న పెట్రోలు కారు కొత్తది చూద్దామనుకుంటున్నాం. అది ఆయన కలగన్న బండి కాదు. దాన్ని కల అని పేరుపెట్టి ఆయనకి అంటగట్టే ఉద్దేశం నాకు లేదు.

అందరికీ వద్దని చెప్పడం లేదు. ఇంట్లో రోజువారీకి ఇంకో బండి ఉండి, దగ్గరలో నమ్మకమైన గ్యారేజీ ఉండి, హైవే ప్రయాణాలు ఎక్కువగా ఉండి, కొన్న ధర కాక ఇంకో ఐదారు లక్షలు ఎవరి పేరూ లేకుండా పక్కన ఉంటే నిక్షేపంగా కొనుక్కోండి. అలాంటివాళ్ళకి అది నిజంగానే మంచి బేరం. మొదటివాడి నష్టం మీ లాభం.

ఒక్క మాట మాత్రం ఆడవాళ్ళకి. కార్ల సంగతి మనకేం తెలుసులే అని ఇలాంటి మాటల దగ్గర లేచి వంటింట్లోకి వెళ్ళిపోకండి. టర్బో అంటే ఏమిటో నాకూ మొన్నటిదాకా తెలియదు. కానీ పదిహేనేళ్ళ గ్రైండరుకి ఎప్పుడు రాయి మార్పించాలో, ఎప్పుడు ఇక చాలని వదిలించుకోవాలో తెలుసు. ఏ డబ్బు ఎవరి పేరు మీద దాచామో అందరికంటే ఎక్కువ మనకే తెలుసు. బండి గురించి తెలిసినవాళ్ళు ఊళ్ళో బోలెడంతమంది దొరుకుతారు, ఆ రెండో సంగతి తెలిసినవాళ్ళు ఇంట్లో మనమే.