క్లాస్ గ్రూపులో మన మాట



చాలా ఇళ్లలో హోంవర్క్ కోసం అమ్మ ఫోన్‌లో క్లాస్ వాట్సాప్ గ్రూపు తెరిచేది పిల్లలే. అక్కడ మనం రాసే ప్రతి మాటా వాళ్లు చదువుతారు. ‘ఫలానా అబ్బాయి మా వాణ్ణి కొట్టాడు’ అని పేరు పెట్టి రాస్తే, ఆ అబ్బాయీ చదువుతాడు. మర్నాడు క్లాసులో అందరూ అతన్నే చూస్తారు. మెసేజ్‌ను సుమారు రెండు రోజుల వరకు ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ చేయవచ్చు. అప్పటికే ఎవరో తీసిన స్క్రీన్‌షాట్ మాత్రం పోదు.

ఇంకొకరి పిల్లల మీద ఫిర్యాదు ఉంటే క్లాస్ టీచర్‌కు విడిగా చెప్పండి. స్లిప్ టెస్ట్ మార్కులు గ్రూపులో పోల్చకండి. వేరే పిల్లల ఫొటో పెట్టేముందు వాళ్ల తల్లిదండ్రులను అడగండి. మర్యాద గురించి క్లాసులో మేం ఎంత చెప్పినా, పిల్లలు నేర్చుకునేది మీ ఫోన్‌లో చూసిందే.