ఊహకు స్వేచ్ఛ ఉంటే విమర్శకు లేదా?

రచయిత ఎవరి గురించైనా రాయొచ్చు, ఏ జాతి మనిషి గొంతుతోనైనా మాట్లాడొచ్చు, దాన్ని ప్రశ్నించడమంటే సాహిత్యం నోరు నొక్కడమే. సాహిత్య చర్చల్లో ఈ మాట తిరుగులేని సత్యంగా చెలామణీ అవుతోంది. ఆ జాతివాళ్ళెవరైనా లేచి ‘మా మనిషిని మీరు చూపించిన తీరు తప్పు’ అంటే చాలు, ‘అయితే ఇక అందరం ఆత్మకథలే రాసుకోవాలా?’ అని మీద పడతారు. ఈ వాదంలో మొదటి సగం నిజం. రెండో సగం అన్యాయం. ఒక్క నవలను దగ్గరగా చూస్తే ఆ సంగతి తేటతెల్లమవుతుంది.

1967లో అమెరికన్ రచయిత విలియం స్టైరన్ ‘ద కన్ఫెషన్స్ ఆఫ్ నాట్ టర్నర్’ అనే నవల ప్రచురించాడు. నాట్ టర్నర్ చరిత్రలో నిజంగా ఉన్న మనిషి. 1831 ఆగస్టులో వర్జీనియాలోని సౌతాంప్టన్ కౌంటీలో బానిసల తిరుగుబాటు నడిపాడు. రెండు నెలలు దొరక్కుండా తిరిగి, పట్టుబడి, నవంబరు 11న ఉరికంబమెక్కాడు. నవలలో ఆయన తన కథ తానే చెప్పుకుంటాడు. ఆ ‘నేను’ రాసింది వర్జీనియాలోనే పుట్టిన తెల్లజాతి రచయిత. 1968లో ఆ నవలకు పులిట్జర్ బహుమతి వచ్చింది. అదే ఏడాది జాన్ హెన్రిక్ క్లార్క్ సంపాదకత్వంలో పదిమంది నల్లజాతి రచయితలు తమ అభ్యంతరాలతో ఒక పుస్తకం తెచ్చారు. ఊహాశక్తి అంటే గిట్టనివాళ్ళుగా ఆ పదిమందినీ జమకట్టడం అప్పుడే మొదలైంది.

అసలు వాళ్ళు ఎత్తిచూపింది ఏమిటి? జైల్లో ఉన్న టర్నర్ చెప్పగా థామస్ గ్రే అనే తెల్ల లాయరు రాసుకుని అచ్చు వేయించిన వాంగ్మూలం ఒకటుంది. టర్నర్ గురించి మనకున్న ముఖ్యమైన ఆధారం అదే. అందులో ఆయన తన అవ్వ గురించి చెబుతాడు. ఆమె గొప్ప భక్తురాలు, ఆమె దగ్గర తనకు ఎంతో చేరిక. చదువు గురించీ చెబుతాడు. చిన్నప్పుడు ఏడుపు మాన్పించడానికి ఎవరో పుస్తకం చూపిస్తే, అందులోని వస్తువుల పేర్లు తానే కూడబలుక్కుని చదివాడట. అక్షరాలు ఎప్పుడు నేర్చాడో ఆయనకే గుర్తు లేదు. ఇక ఆయనకు భార్య ఉన్నట్టు 1831 నాటి పత్రికల్లో ప్రస్తావన ఉంది.

నవలలో ఈ మూడూ మాయమయ్యాయి. అవ్వ ఆయన పుట్టకముందే చనిపోయింది. చదువు యజమాని ఇంట్లోని తెల్లవాళ్ళ చలవగా మారింది. భార్య అసలే లేదు. ఆమె స్థానంలో మార్గరెట్ వైట్‌హెడ్ అనే తెల్ల యువతి మీద తీరని మోహం వచ్చి చేరింది. ఆ తిరుగుబాటులో టర్నర్ స్వయంగా చంపినట్టు వాంగ్మూలంలో ఒప్పుకున్నది ఒక్క ఆమెనే. ఆ హత్య చుట్టూ స్టైరన్ కామాన్ని అల్లాడు. ఇంత చేసి, తెలిసిన వాస్తవాలను తాను దాటింది అరుదేనని పుస్తకం మొదట్లోనే రాసుకున్నాడు.

నవలాకారుడు కల్పించకూడదని నేననను. కల్పన లేనిది నవలే కాదు. కానీ ఆ కల్పన ప్రతిసారీ ఎటు మొగ్గిందో చూడాలా వద్దా? నల్లవాళ్ళ కుటుంబంలో ఉన్న ప్రేమ తగ్గింది, తెల్లవాళ్ళ దయ పెరిగింది. స్వేచ్ఛ కోసం లేచిన మనిషి గుండెలో తెల్లమ్మాయి మీద కోరిక నిండింది. తెల్లసమాజం నల్లవాళ్ళ గురించి తరతరాలుగా చెప్పుకున్న కట్టుకథలన్నీ ఇవే. రచయిత తన ఊహ అనుకున్నది ఆ సమాజం ఆయనకిచ్చిన వారసత్వం. ఆ సంగతి పట్టుకోవడమే విమర్శ చేయాల్సిన పని. ఆ పదిమందీ చేసింది ముమ్మాటికీ ఆ పనే.

నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ అంతటివాడు స్టైరన్‌ను సమర్థించాడు కదా అంటారు. నిజమే, ఈ నవల రాయమని ప్రోత్సహించిన మిత్రుడాయన. స్టైరన్‌కు రాసే హక్కుందని చెప్పడానికి బాల్డ్విన్ సాక్ష్యం పనికొస్తుంది. అవ్వను ఎందుకు తీసేశారన్న ప్రశ్నకు అది జవాబు కాదు. నల్లజాతివాళ్ళలో ఒకరు మెచ్చుకున్నారు కాబట్టి పదిమంది నోరు మూసుకోవాలనడం ఏం న్యాయం?

బానిసల తిరుగుబాటు మీద ఆర్నా బాంటెంప్స్ అనే నల్లజాతి రచయిత 1936లోనే ‘బ్లాక్ థండర్’ నవల రాశాడు. 1800లో అదే వర్జీనియాలో గాబ్రియేల్ అనే బానిస తలపెట్టిన తిరుగుబాటు దాని కథ. అది పెద్దగా అమ్ముడుపోలేదు. స్టైరన్ నవల మీద రగడ జరుగుతున్న 1968లో గానీ మళ్ళీ అచ్చుకు రాలేదు. ఊహకు అందరికీ ఒకే స్వేచ్ఛ ఉందనేవాళ్ళు ఈ తేడాకు కారణం చెప్పాలి. రాసే స్వేచ్ఛ ఇద్దరికీ ఉంది. నమ్మే పాఠకులు, పంచే ప్రచురణకర్తలు, బహుమతులిచ్చే సంఘాలు మాత్రం ఒకరి వైపే ఉన్నాయి.

మనకూ ఈ వాదన కొత్త కాదు. దళిత సాహిత్యం సహానుభూతికీ స్వానుభవానికీ మధ్య గీత గీసినప్పుడు ఇక్కడా ఇవే ఎదురుప్రశ్నలు లేచాయి. కానీ దళితుల బతుకు మీద 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ రాసిన ‘మాలపల్లి’ నవలను నిషేధించింది ఎవరు? మద్రాసులోని బ్రిటిష్ ప్రభుత్వం. దళిత పాఠకులు కాదు. నిషేధానికి పోలీసులు, చట్టం, జైలు ఉంటాయి. పాఠకుడి దగ్గర ఉన్నది ప్రశ్న ఒక్కటే. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం, బలవంతుణ్ణి బాధితుడిగా నిలబెట్టడమే.

స్టైరన్ రాశాడు, అచ్చయింది, బహుమతీ అందుకున్నాడు. ఆయన స్వేచ్ఛకు వచ్చిన లోటేమీ లేదు. ఇతరుల బతుకును ‘నేను’ అని రాసే రచయిత, ఆ బతుకు సొంతదారులు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే ఆ లోపం అడిగినవాళ్ళది కాదు, రాసినవాడిదే.