వాదించే అవకాశం ఎక్కడ?

అమెరికాలో పెద్ద లా ఫర్ముల నుంచి రెండు మూడు ఆఫర్లు అందుకున్న విద్యార్థి ముందు చూసేది జీతం, ర్యాంకు. జీతాన్ని బట్టి తేల్చుకునేదేమీ లేదు. 2023 చివర్లో అగ్రశ్రేణి ఫర్ములు చాలావరకు తొలి ఏడాది లాయరుకు 2,25,000 డాలర్లకే చేరాయి. కోర్టులో వాదించాలనుకునేవారికి అసలు కరువు వేరు. ఫెడరల్ కోర్టుల్లో 1962లో 11.5 శాతం సివిల్ కేసులు ట్రయల్‌తో తేలితే, 2002 నాటికి అది 1.8 శాతానికి పడిపోయింది. ఆ కాసిన్నింటిలోనూ భారీ వ్యాజ్యమైతే సాక్షిని ప్రశ్నించేది సాధారణంగా సీనియర్లే. కొత్తవారికి దక్కేది పత్రాల గుట్ట.

అందుకే ఈ సంచిక చదివే విద్యార్థులకు మా సూచన: మూడో ఏడాది లాయర్లు ఎన్ని డిపోజిషన్లు (ట్రయల్‌కు ముందు సాక్షుల విచారణ) స్వయంగా నడిపారో, జడ్జి ముందు ఎన్ని మోషన్లు (కోర్టుకు చేసే అభ్యర్థనలు) వాదించారో అడగండి. (రిక్రూటర్ల విందులో కాదు, ఆ జూనియర్లనే విడిగా.) పెద్ద పేరుంటే రేపు ప్రాసిక్యూటర్ ఉద్యోగానికి దారి సులువంటారు. కొంత నిజమే. అయితే పోటీ పడే రెండు ఫర్ములకూ పేరున్నప్పుడు ఆ వాదన దేన్నీ తేల్చదు. చదువు అప్పుల మాటా అంతే, జీతం ఒకటే కనుక. చిన్న బృందాలతో కేసులు నడిపేది, ప్రో బోనో (ఉచిత న్యాయసేవ) పనిని బిల్లు గంటల్లో లెక్కించేది ఏదైతే దానివైపే మా మొగ్గు; జూనియర్లు జడ్జి ముందు తొలిసారి నోరు విప్పేది తరచూ ప్రో బోనో కేసులోనే.