సుడిగాలికి సాక్షి ఎవరు?

గాలికి మన భాషలో పేర్ల కొరత లేదు. పిల్లగాలి, పైరగాలి, వడగాలి, ఈదురుగాలి, సుడిగాలి, గాలివాన, తుపాను - ఒక్కొక్క మాటకు ఒక్కొక్క స్వభావం, ఒక్కొక్క ఋతువు ఉన్నాయి. మన విద్యార్థులలో అనేకుల ఇండ్లలో వినిపించే ఉర్దూలోనూ అంతే. 'ఆంధీ' వేరు, 'తూఫాన్' వేరు, 'బగూలా' వేరు. పల్లెలోని చదువురాని వృద్ధుడు సైతం ఈ మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడడు. ఇంత సంపద కలిగిన మనం, ఒక ప్రాంతం మీద నిజంగా ప్రళయం విరుచుకుపడిన మరునాడు మాత్రం దానికి నోటికి వచ్చిన పేరు పెట్టి ఊరుకుంటున్నాము. ఒకరు 'గాలివాన బీభత్సం' అంటారు, ఒకరు 'మినీ తుపాను' అంటారు, మరొకరు 'టోర్నడో' అంటారు. ఇది భాషాపండితుల పట్టింపు అని కొందరు భావించవచ్చు. కాని పేరు నిలవాలంటే సాక్ష్యం కావాలి. సాక్ష్యం లేనిచోట బాధితునికి న్యాయమూ ఆలస్యమవుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇంతే.

2024 ఆగస్టు 31వ తేదీ సాయంకాలం ములుగు జిల్లా తాడ్వాయి - మేడారం అడవులలో జరిగిన సంఘటన ఇందుకు తగిన ఉదాహరణ. ఆనాడు బంగాళాఖాతంలోని వాయుగుండం ఉత్తరాంధ్ర తీరానికి చేరుతున్నది. విజయవాడను, ఖమ్మం ప్రాంతాన్ని వరదలు ముంచెత్తిన రోజులవి. అందరి దృష్టీ నీటి మీద ఉన్న ఆ వేళ, సమ్మక్క సారలమ్మల జాతరకు ప్రసిద్ధి చెందిన ఆ అటవీ ప్రాంతంలో వేలాది మహావృక్షాలు కొద్ది సమయంలోనే నేలకూలాయి. తొలి లెక్కలలో ఆ సంఖ్య 50 వేలు. ఈ సంగతి రాష్ట్రమంతటా తెలిసేసరికి సెప్టెంబరు మొదటి వారం వచ్చింది. టోర్నడో అన్నారు కొందరు. మేఘ విస్ఫోటనం అన్నారు మరికొందరు. మేఘ విస్ఫోటనమంటే చిన్న ప్రదేశంలో గంటకు 100 మిల్లీమీటర్లకు తగ్గకుండా కురిసే కుండపోత. అది వాన పేరే గాని గాలి పేరు కాదు. అటవీ శాఖ వారు కారణం తెలుసుకొనుటకై వాతావరణ శాఖను, హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రాన్ని సంప్రదించవలసి వచ్చింది.

నిపుణులను అడిగే వరకు ఎందుకు తెలియలేదు? టోర్నడో అనగా ఉరుము మేఘపు అడుగు నుండి నేలను తాకే వరకు దిగి, గిరగిర తిరుగుతూ సాగిపోయే గాలి స్తంభం. తుపాను వందల కిలోమీటర్ల మేర వ్యాపించి రోజుల తరబడి ఉంటుంది. టోర్నడో వెడల్పు సాధారణంగా కొన్ని వందల మీటర్లకు మించదు. దాని ఆయుస్సు చాలాసార్లు నిమిషాలలోనే ముగుస్తుంది. దానికి తోబుట్టువు వంటి గాలి మరొకటి ఉన్నది. ఉరుము మేఘం నుండి చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కుమ్మడిగా కిందికి పడి, నేలను తాకి, నలువైపులకూ చిమ్ముకొని పోతుంది. దీనిని శాస్త్రజ్ఞులు డౌన్‌బరస్ట్ అంటారు. రెండింటికీ పైకప్పులు లేచిపోతాయి, చెట్లు కూలిపోతాయి. నష్టాన్ని చూచి దుఃఖించేవానికి ఈ రెండింటి భేదం కనిపించదు.

ఆ భేదాన్ని చెట్లు పడిన తీరు చెబుతుంది. సుడిగాలి వెళ్లినచోట నష్టం ఒక సన్నని బాటలా ఉంటుంది. చెట్లు అనేక దిక్కులకు, తరచు బాట నడుమకు తలలు వాల్చి, ఒకదానిపై ఒకటి అడ్డంగా పడి ఉంటాయి. డౌన్‌బరస్ట్ అయితే విసనకర్ర విప్పినట్లు ఒక చోటి నుండి వెలుపలికి పడి ఉంటాయి. ఈ పరిశీలనకు శాస్త్ర గౌరవం తెచ్చిన వారిలో జపానులో పుట్టి అమెరికాలో పనిచేసిన ఫుజితా ముఖ్యుడు. 1945లో అణుబాంబు పడిన తరువాత నాగసాకి, హిరోషిమాలలో చెట్లు ఒక కేంద్రం నుండి వెలుపలికి పడి ఉండటాన్ని ఆయన చూచాడు. దాదాపు 30 ఏండ్ల తరువాత అమెరికాలో తుపాకిగుండు తగలని అడవిలో అదే తీరు కనిపించినప్పుడు, ఇది సుడిగాలి పని కాదని గ్రహించాడు. 1971లో ఆయన ప్రతిపాదించిన టోర్నడో కొలమానం కూడా నష్టం ఆధారంగా గాలి తీవ్రతను అంచనా వేసేదే.

రాడార్లు ఉన్నవి కదా అని ప్రశ్నించవచ్చు. ఉన్నవి, ఉపయోగమూ అపారం. కాని భూమి గుండ్రనిది. రాడారు కిరణం తిన్నగా పోతుంది. 200 కిలోమీటర్ల దూరం చేరేసరికి అది నేలకు సుమారు 4 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. నేల దగ్గర తిరిగే సన్నని సుడి దానికి చిక్కకపోవచ్చు. కనుక మారుమూల గ్రామంలో తొలి సాక్షి యంత్రం కాదు, మనిషే.

నగరంలో అయితే సాక్షులకు లోటుండదు. 1978 మార్చి 17న ఢిల్లీలో విశ్వవిద్యాలయ పరిసరాల మీదుగా టోర్నడో సాగి 28 మందిని బలిగొన్నది. రాజధాని కావడం చేత పరిశోధకులు ఆ బాటను అడుగడుగునా పరిశీలించగలిగారు. 2024 మార్చి 31న ఉత్తర బెంగాలులోని జల్పాయిగుడి - మైనాగుడి ప్రాంతంలో అటువంటి గాలికి ఐదుగురు మరణించినప్పుడు మాత్రం తుపాను అనీ, మినీ టోర్నడో అనీ వార్తలు రకరకాలుగా వెలువడ్డాయి. 'మినీ టోర్నడో' అనేది శాస్త్రంలో లేని మాట. ఇల్లు కూలినవానికి అందులో 'మినీ' ఏమున్నది?

తొందరపడి పేరు పెట్టడం ఒక దోషమైతే, భయపడి పేరే ఎత్తకపోవడం మరొక దోషం. అమెరికాలో 1884లో ఫిన్లీ అనే సైనికోద్యోగి వందలాది స్వచ్ఛంద విలేకరుల సాయంతో టోర్నడోల సమాచారం సేకరించి, ముందస్తు సూచనలు చేశాడు. 2803 సూచనలలో 96.6 శాతం సరిపోయాయని లెక్క తేలింది. వెంటనే గిల్బర్ట్ అనే విమర్శకుడు, ప్రతిరోజూ "టోర్నడో రాదు" అని చెప్పినా 98.2 శాతం సరిపోయేవని చూపించాడు. విమర్శ న్యాయమైనదే. కాని నిత్యం "రాదు" అనేవాడు ఎన్ని మార్కులు తెచ్చుకున్నా ఒక్క ప్రాణాన్నీ కాపాడలేడు గదా! ఆ తరువాత ప్రజలు భయభ్రాంతులవుతారన్న నెపంతో అక్కడి వాతావరణ శాఖ తన సూచనలలో టోర్నడో అనే మాటనే నిషేధించింది. ఆ నిషేధం 1938 వరకు తొలగలేదు. మాటను నిషేధిస్తే గాలి ఆగలేదు.

మన దేశంలో ఈ పేరుకు మరొక ప్రాధాన్యం కూడా ఉన్నది. 2022-26 కాలానికి విపత్తు సహాయ నిధి నిబంధనలలో తుపాను, వరద, వడగండ్ల వాన, మేఘ విస్ఫోటనం మొదలైనవి ఉన్నాయి, టోర్నడో లేదు. అయితే రాష్ట్రాలు తమ ప్రాంతపు విపత్తులను ప్రకటించి, నిధిలో 10 శాతం వరకు వాటికి వెచ్చించవచ్చును. ఒడిశా ప్రభుత్వం 2015లో సుడిగాలిని, టోర్నడోను అట్లే ప్రకటించింది. అక్కడ 1998 మార్చిలో బాలాసోర్ ప్రాంతం అనుభవించిన ఘోరం అందరికీ తెలిసినదే. ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేని విపత్తు ఏ జాబితాలోకీ ఎక్కదు. ఏ పేరైతేనేమి, సాయం అందితే చాలునని అనేవారు ఈ సంగతి ఆలోచించాలి.

విద్యార్థి మిత్రులారా! మీలో అనేకులు పల్లెల నుండి వచ్చినవారు. మీ ప్రాంతంలో ఇటువంటి గాలి వీచినప్పుడు, ప్రమాదం తొలగి, గాయపడినవారికి సాయం అందిన తరువాత, రంపాలు వచ్చి చెట్లను తొలగించకముందే నాలుగు విషయాలు వ్రాసిపెట్టండి. గాలి ఏ వేళకు వచ్చి ఎంతసేపున్నది. నష్టపు బాట ఎంత వెడల్పు, ఎంత పొడవు. ఒక్కొక్క చెట్టు ఏ దిక్కుకు పడింది. కన్నవారు ఏమి చూచారు, విన్నవారు ఏమి విన్నారు. ఈ చివరి రెండింటినీ కలపవద్దు. చేతిలోని ఫోనుతో ఛాయాచిత్రాలు తీసి, స్థలమూ సమయమూ గుర్తించండి. ఎక్కడిదో తెలియని వీడియోను మన ఊరిదని ఇతరులకు పంపకండి. నిర్ధారణ అయ్యే వరకు 'టోర్నడో అని అనుమానం' అనే వ్రాయండి. అనుమానాన్ని అనుమానంగా చెప్పడం పిరికితనం కాదు, నిజాయితీ.

కళాశాల పాలక సంఘం పెద్దలకు కూడా నాదొక విన్నపం. ఒక వర్షమాపకం, రెండు మూడు దిక్సూచులు, ఒక దళసరి నోటుపుస్తకం - ఇందుకు కావలసిన సొమ్ము వార్షికోత్సవపు తోరణాలకయ్యే ఖర్చును మించదు. జాతీయ సేవా పథకం విద్యార్థులకు ఆ పుస్తకాన్ని అప్పగించండి. అందులోని పుటలను ఏటేటా వాతావరణ శాఖకు, జిల్లా అధికారులకు పంపుదాము. రేపు ఏ గ్రామం మీదనైనా ఆ గాలి విరుచుకుపడితే, ఆ గ్రామం పక్షాన మాట్లాడటానికి కనీసం ఒక పుట ఉంటుంది.