అడగని చూపు

వీధి ఫొటోగ్రఫీ కళేనా అని ఇప్పుడెవరూ అడగడం లేదు. మ్యూజియాలు గోడలిచ్చాయి, విశ్వవిద్యాలయాలు పాఠాలు చెబుతున్నాయి. అది కళేననడంలో నాకూ అనుమానం లేదు. "కళ" అన్న మాటని అడ్డు పెట్టుకుని ఏ ప్రశ్నల్ని తప్పించుకుంటున్నారన్నదే నా పేచీ. కథలో స్త్రీని ఎలా చిత్రించారో నిలదీయడానికి మనకి పదజాలం ఉంది. గురజాడ మొదలుకొని ఎవర్నీ వదల్లేదు. ఫొటో ముందు నిలబడేసరికి మాత్రం "అబ్బ, ఎంత సహజంగా ఉందో!" అని ఊరుకుంటాం.

ఆ సహజత్వం ఎక్కణ్ణించి వచ్చింది? చాలాసార్లు, ఫొటోలోని మనిషికి తనని తీస్తున్నారని తెలియకపోవడం నుంచి.

హెన్రీ కార్తియే బ్రెసాన్ 1952లో వేసిన పుస్తకాన్ని లోకమంతా "నిర్ణాయక క్షణం" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పేరుతోనే ఎరుగును. ఆ పేరు మీద కట్టిన సిద్ధాంతాలకి లెక్కలేదు. ఫ్రెంచిలో దాని పేరు "ఇమాజ్ ఆ లా సొవెట్". హడావుడిగా, చాటుమాటుగా తీసిన బొమ్మలని. లైసెన్సు లేకుండా పేవ్‌మెంటు మీద సరుకు పరిచి, పోలీసు కనబడగానే మూట కట్టేసే చిల్లర వ్యాపారుల అమ్మకానికి కూడా ఫ్రెంచివాళ్లు ఆ మాటే వాడతారు. లైకా కెమెరా మెరుపు కనబడకుండా నల్ల టేపు అంటించుకుని తిరిగిన మనిషికి ఆ పేరే సరిగ్గా సరిపోతుంది. అనువాదంలో చాటు పోయి దర్శనం మిగిలింది. (అనువాద అధ్యయనాలు చేసే మిత్రులెవరైనా దీని మీద రాస్తే బావుణ్ణు.)

1975లో గ్యారీ వినోగ్రాండ్ "విమెన్ ఆర్ బ్యూటిఫుల్" వచ్చింది. నడుస్తున్న, నవ్వుతున్న స్త్రీలు, పేజీ తర్వాత పేజీ. ఫ్రేముల్లో చలనం ఉంది, ఒప్పుకుంటాను. ఆనాటి స్త్రీల స్వేచ్ఛని ఉత్సవంలా చూపాడని సమర్థించేవాళ్లున్నారు. ఆ స్వేచ్ఛ ఎవరిది, దాన్ని వెంటాడిన కన్ను ఎవరిది? పుస్తకం తిప్పుతుంటే బస్టాపులో మనల్ని పైనుంచి కిందకి కొలిచే చూపు గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? ఆ చూపుకి మనం పెట్టుకున్న పేరు వేరు. చేతిలో కెమెరా ఉంటే పేరు మారిపోవాలా?

ఈ కళకి మొదటి పెట్టుబడి కెమెరా కాదు, ఏ పనీ లేకుండా వీధిలో నిలబడగలగడం. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో "వై లాయిటర్?" పుస్తకంలో ముంబయి గురించి చెప్పింది ఇదే. ఆడమనిషి వీధిలో ఉండాలంటే ఏదో పని మీద ఉన్నట్టు కనబడాలి. చార్మినార్ దగ్గర ఆదివారం పొద్దున్నే కెమెరాలతో దిగే కుర్రాళ్లు చాయ్ కొట్టు ముందు గంటసేపు నిలబడగలరు. అదే గంట ఒక అమ్మాయి నిలబడితే ఎన్ని "ఏం కావాలమ్మా"లు వినాలి!

ఇదే హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లో జనానా స్టూడియో తెరిచి, పరదా స్త్రీల ఫొటోలు తీయడానికి ఒక ఇంగ్లీషు మహిళని పెట్టాడు. డబ్బున్న ఇళ్ల స్త్రీలకి అలా ఒక తలుపు దొరికింది. పేవ్‌మెంటు మీద బతికేవాళ్లకి తలుపెక్కడిది? కొందరికి వీధే వంటిల్లు, వీధే స్నానాలగది. ఒక కళాశాల ప్రదర్శనలో, రోడ్డు పక్క పంపు దగ్గర తల తుడుచుకుంటున్న మధ్యవయసు స్త్రీ ఫొటో చూశాను. కింద తీసినతని పేరు, లెన్సు వివరాలు, షట్టరు వేగం. ఆమె పేరు లేదు. శీర్షిక "ఉదయరాగం". ఆమెని అడిగారా అంటే, "అడిగితే సహజత్వం పోతుంది మేడమ్" అన్నాడా అబ్బాయి. ఆమె ఏ కులమో, ఏ బస్తీనుంచి వచ్చిందో అతనికి అక్కర్లేదు. అంత దగ్గరకెళ్లి కెమెరా పెట్టగలిగిన చనువు మాత్రం వాటినుంచే వచ్చింది.

ఆడవాళ్లు తీస్తే ఇదంతా పోతుందా? పోదు. హెలెన్ లెవిట్ న్యూయార్క్ వీధుల్లో, తను వేరే వైపు చూస్తున్నట్టు కనబడే వ్యూఫైండర్ వాడింది. షికాగోలో ఆయాగా బతికి, లక్షకి పైగా నెగెటివ్‌లు మిగిల్చిన వివియన్ మేయర్ కూడా అందర్నీ అడగలేదు. అద్దె కట్టలేకపోతే ఆమె పెట్టెల్ని 2007లో వేలం వేశారు. 2009లో ఆమె పోయాక ఆ ఫొటోలు లోకమంతా తిరిగాయి. ఆమెనీ ఎవరూ అడగలేదు. అయితే మేయర్ తన నీడనీ, దుకాణపు అద్దాల్లో తన ప్రతిబింబాన్నీ పదేపదే ఫ్రేములోకి తెచ్చుకుంది. వినోగ్రాండ్ పుస్తకంలో నాకు కనబడనిది అదే, చూస్తున్న మనిషి.

రూత్ ఆర్కిన్ 1951లో ఫ్లోరెన్స్‌లో తీసిన ఫొటో మనలో చాలామందికి తెలుసు. ఒంటరిగా నడుస్తున్న యువతి, చుట్టూ పదిహేనుమంది మగవాళ్లు. ఇద్దరూ ఒంటరిగా ప్రయాణిస్తూ హోటల్లో కలిసినవాళ్లు. ఒంటరి స్త్రీ ప్రయాణం ఎలా ఉంటుందో చూపాలని కలిసే బయలుదేరారు. ఆ యువతి, నినాలీ అలెన్ క్రెయిగ్, అది వేధింపు బొమ్మ కాదనీ, ఆ రోజు హాయిగా గడిపాననీ 2018లో చనిపోయేదాకా చెబుతూనే వచ్చింది. మనం ఆమె మాట వినకుండా ఆ ఫొటోని వేధింపుకి గుర్తుగా చేసుకున్నామనుకోండి, అది వేరే వ్యాసం. ఆర్కిన్ ఆమెని అదే దారిన రెండోసారి నడవమంది. దాంతో ఇది "అసలైన" వీధి ఫొటో కాదని శుద్ధవాదుల సణుగుడు. చాటుగా తీసిన అన్ని స్త్రీల బొమ్మల మీద రాని అనుమానం దీని మీదే వచ్చింది. ఇందులో ఉన్నామెకి ఫొటో తీస్తున్నారని తెలుసు, ఒప్పుకుంది, మళ్లీ నడిచింది, అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ బొమ్మ గురించి తన మాట తాను చెప్పుకుంది.